మద్దిలేటి పోయినాడు

కొండప్ప తాతను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే బదులు చెప్పేవాడు కాదు. "కానీ, చూద్దాం" అని చేతిలో పని చేసుకుంటూ పోయేవాడు. ఆ పూట కాకపోతే ఆ వారంలో, ఎక్కడో ఒకచోట, అడిగినవాడికి జవాబు ఎదురయ్యేది. అది తన ప్రశ్నకు జవాబేనని తెలుసుకోవడం మాత్రం అడిగినవాడి వంతు.

ఆయన మఠంలో మద్దిలేటి అనే శిష్యుడు ఉండేవాడు. మఠానికి రాకముందు హైస్కూల్లో తెలుగు పంతులు. మంచి గొంతు, చక్కగా పద్యం కట్టే నేర్పు ఉన్నవాడు. దీక్ష తీసుకునే రోజు దగ్గరపడుతుండగా ఒక ఉదయం తాత దగ్గర కూర్చుని మనసులోని మాట బయటపెట్టాడు.

"తాతా, దీక్షతోపాటు నాకు వేరే పేరు ఇవ్వండి. ఈ సీమలో రాయి విసిరితే మద్దిలేటికే తగులుతుంది. కొండమీది మద్దిలేటి స్వామికి మొక్కుకుంటే పుట్టిన ప్రతివాడూ మద్దిలేటే. మొన్న ఒక పండితుడు నా పద్యాలు విని, నన్ను చూడాలని అంత దూరం నుంచి వస్తే, వాకిట్లో వాళ్ళు ఆయన్ని పశువుల కొట్టంలో ఉండే మద్దిలేటి దగ్గరికి పంపినారు. ఇంతమందిలో నేను ఫలానా అని తెలిసేదెట్లా?"

తాత చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే "కానీ, చూద్దాం" అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే వాకిట్లో సైకిలు గంట మోగింది. "తాతా, మద్దిలేటి పోయినాడంట. ఆలంపేట ఆసుపత్రిలో. ఆయన మనుషులెవురన్నా ఉంటే రమ్మన్నారు" అని ఒకడు కాలు కింద పెట్టకుండానే చెప్పి, పై ఊళ్ళకు తొక్కుకుంటూ పోయాడు. శిష్యుడు లేచి "ఏ మద్దిలేటి?" అని కేకేశాడు. "మన మద్దిలేటే" అన్నది మాత్రం గాలిలో వెనక్కి వచ్చింది.

తాత చేట పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుని, చేతికర్ర అందుకున్నాడు. "పద" అన్నాడు.

దారిలో మొదట తగిలిన ఊరు ఉప్పలదిన్నె. పొద్దెక్కినా ఒక్క పొయ్యీ రాజలేదు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో పెద్దది, బోయ రంగమ్మ, తాతను చూసి బావురుమంది.

"నా కొడుకు కొట్టం మీదనుంచి పడి తొడెముక విరిగితే ఇంక లేవడనుకుంటిమి తాతా. ఆయప్ప వచ్చి వెదురు దబ్బలు పెట్టి కట్టినాడు. కట్టు విప్పేదాకా మా అరుగు మీదనే పండుకున్నాడు. వాడిప్పుడు మడక దున్నుతాండాడు. చెయ్యెత్తి మొక్కుదామంటే ఇంక ఆయప్ప యాడ?"

ఎముకలు కట్టే మద్దిలేటిని గురించి శిష్యుడు వినివున్నాడు కానీ ఎన్నడూ చూడలేదు. ఆ ఊరి జనం తాత వెంట నడిచారు. నడుస్తూ రంగమ్మ అతనివైపు తిరిగి, "సామీ, నీ పేరేంది?" అంది. తల దించుకుని చెప్పాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకద్దుకుంది. తడి అంటిన ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అతను చాలాదూరం నడిచాడు.

రాళ్ళకొత్తూరులో మగవాళ్ళు ఏడుస్తున్నారు. తిరునాళ్ళలో ఎవరూ కదిలించలేని రాతిగుండును భుజం మీదికెత్తి గుడి చుట్టూ తిరిగినవాడు అక్కడి మద్దిలేటి. ఇప్పుడా గుండుకు పసుపునీళ్ళు పోసి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు అతని దగ్గర సాము నేర్చిన కుర్రవాళ్ళు. వాళ్ళు చెప్పింది గుండు ఎత్తిన సంగతి కాదు. దిగుడుబావి మెట్ల మీది కప్పు కూలిన రోజున, లోపలి వాళ్ళందరూ ఎక్కివచ్చేదాకా దూలాన్ని వీపు మీద మోస్తూ నిలబడ్డాడట. అందరూ పైకి వచ్చాక అతను ముఖం కడుక్కుని పొలానికి పోయాడట, అంతే. ఆ ఊరూ వెంట నడిచింది.

జొన్నగేరి వాళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేత చెక్కలు పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బాట మీద నిలబడి ఉన్నారు. వాళ్ళకు చెక్కభజన నేర్పిన గురువు మద్దిలేటి. ఆ ఊళ్ళో ముసలివాళ్ళకూ మనవళ్ళకూ అడుగు నేర్పింది ఆయనే. ఆయన పాట ఎత్తితే, చేతికి చెయ్యి తగలనివ్వని కులాలవాళ్ళు కూడా ఒకే వరసలో ఆడేవారు.

గుంపు కాలవ గట్టు నిండా పరుచుకుంది. ముందు ఎవరున్నారో వెనక ఉన్నవాళ్ళకు తెలియదు. "మద్దిలేటీ" అని ఒకచోట ఏడుపు లేస్తే, మరోచోట నుంచి అదే పేరు ఇంకో గొంతుతో లేచేది. చిన్నప్పటినుంచి తనకు చప్పగా వినిపించిన పేరు అలా వందల గొంతుల్లో పలుకుతుంటే శిష్యుడు నడక తగ్గించి విన్నాడు. అతను తాత పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"తాతా, ముగ్గురిలో ఇద్దరన్నా బతికే ఉంటారు గదా. వీళ్ళకు చెప్పొద్దా?"

"పోయిందెవరో నీకు తెలుసునా?"

"తెలీదు."

"అయితే నడువు."

నడిచాడు. ఎవరూ పోకుండా ఉంటే బాగుండునని, ముఖమైనా ఎరుగని ముగ్గురి కోసం లోపల మొక్కుకుంటూ నడిచాడు.

ఆలంపేట ఆసుపత్రి వాకిట్లోకి వాళ్ళు చేరేసరికి ఎదురు బాట నుంచి ఒక ఎద్దుల బండి వచ్చి ఆగింది. దానిలోంచి దిగిన ముసలాయనను చూసి రంగమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఎముకలు కట్టే మద్దిలేటి. చెక్కభజన గురువు పోయాడని విని, కడసారి చూపు కోసం వచ్చాడు. ఆ గురువేమో అప్పటికే వేపచెట్టు నీడన నిలబడి ఉన్నాడు. రాళ్ళకొత్తూరు మద్దిలేటి పోయాడని విని ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా తెల్లవారకముందే బయల్దేరాడట. కొంతసేపటికి గేటు దగ్గర జనం తొలగి దారి ఇచ్చారు. తలపాగా చేత పట్టుకుని, గడప దాటడానికి వంగవలసినంత మనిషి లోపలికి వచ్చి, "ఎముకల పెద్దాయన్ని యాడ పెట్టినారు?" అని అడిగాడు.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

అప్పుడు నర్సమ్మ బయటికి వచ్చింది. ఇంత గుంపును చూసి ఆమె గడప దగ్గరే ఆగింది. పోయింది బండల గనికి పనికి వచ్చిన ఒక ఒంటరి మనిషి అని, జ్వరంతో వచ్చి చేరాడని, పేరు తప్ప ఊరు చెప్పలేకపోయాడని చెప్పింది. "వచ్చిన్నాటి నుంచి ఒకటే మాట. మావాళ్ళొస్తారమ్మా, మావాళ్ళు శానామంది అనేవాడు. ఎవరూ రాకపోయేసరికి జ్వరంలో మాటలనుకున్నా. పోయినాక మనసొప్పక నలుగురికీ చెప్పి పంపినా."

గుంపులో ఊపిరి వదిలిన చప్పుడయింది. ఒకరిద్దరు నవ్వారు కూడా. తమవాడు బతికే ఉన్నాడన్న సంతోషం మరి. "మనోడు గాదంట, పదండి" అని ఎవరో అన్నారు. వెనకవైపు కొందరు మళ్ళారు. శిష్యుడికీ అంత బరువూ దిగినట్టయింది. అతనూ గేటువైపు ఒక అడుగు వేశాడు.

రాళ్ళకొత్తూరు మద్దిలేటి కదలలేదు. చేతిలోని తలపాగా విప్పి నడుముకు బిగిస్తూ నర్సమ్మను అడిగాడు. "పేరు మద్దిలేటే గదమ్మా?"

"అవునయ్యా."

"మావోడే."

మళ్ళినవాళ్ళు ఆగిపోయారు. ఎముకలు కట్టే ముసలాయన లోపలికి పోయి శవం పక్కన కూర్చున్నాడు. చనిపోయినవాడి ఎడమ మణికట్టు వంకర తిరిగి ఉంది. ఎప్పుడో విరిగి, పట్టించుకునేవాళ్ళు లేక అట్లాగే అతికిన చెయ్యి. ఆయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బతికున్నవాడికి నొప్పి పుట్టకుండా పట్టుకున్నట్టు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. రంగమ్మ కొప్పులోంచి కాసిని కనకాంబరాలు తీసి ఆ కాళ్ళ దగ్గర పెట్టింది.

పాడె కట్టారు. ముందు కొమ్ము రాళ్ళకొత్తూరు మద్దిలేటి ఎత్తాడు. పక్క కొమ్ము భజన గురువు. వెనక ఒక కొమ్ము కింద ముసలాయన తన సన్నటి భుజం పెట్టాడు. నాలుగో కొమ్ము ఖాళీగా ఉంది. మొయ్యడానికి ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి, అయినా ఎవరూ ముందుకు రాలేదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. తాత ఎటో చూస్తున్నాడు.

శిష్యుడు పైపంచె తీసి నడుముకు చుట్టుకుని పోయి భుజం పెట్టాడు. పాడె లేచింది.

భజన గురువు నడుస్తూనే పాట ఎత్తాడు. జొన్నగేరి చెక్కలన్నీ ఒక్కసారి పలికాయి. ఆ ధ్వనికి బజారులో అంగళ్ళవాళ్ళు తలుపులు దగ్గరికి వేసి లేచి నిలబడ్డారు. మేడల మీదనుంచి చూసినవాళ్ళు ఎవరో మహానుభావుడు పోయాడనుకుని చేతులు జోడించారు. ఒక కొమ్ము కింద కొండలాంటి మనిషి, ఒక కొమ్ము కింద వణికే ముసలాయన. అయినా పాడె ఎక్కడా ఒరగలేదు. శిష్యుడికి బరువు తెలియలేదు. తన ముందూ పక్కనా ఉన్న భుజాలు ఎవరివో, తనది ఏదో, కాసేపు అతనికి అంతుపట్టలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు.

వంక ఒడ్డున గుంత తీసి పూడ్చారు. పిడికెడు మన్ను వెయ్యడానికి జనం వరసకట్టారు. ఆ వరస తెగేసరికి పొద్దు వాలింది.

తిరుగుదారిలో తాత కాలవలో దిగి కాళ్ళు కడుక్కున్నాడు. శిష్యుడు గట్టు మీద కూర్చున్నాడు. పొద్దున అడిగిన మాట అతను ఎత్తలేదు. భుజం మీద పాడెకర్ర అదిమిన చోట చెయ్యి వేసుకుని అన్నాడు.

"ఇంతమందీ ఎవరో అనుకుని వచ్చినారు గదా తాతా. అందరమూ పొరబడే వచ్చినాం."

తాత నీళ్ళలోనుంచి పైకి వచ్చి, కర్ర అందుకుని, మఠం వైపు తిరిగాడు.

"మనం పొరబడినాం నాయనా. మావాళ్ళొస్తారన్న ఆయప్ప పొరబడలేదు."