తలుపు వేసి నూరిన మందు

అనగనగనగా, మన తాతలకు తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, కొండల నడుమ శీతగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే అక్కడ చలి ఎక్కువ. పుష్యమాసం వచ్చిందంటే పట్టపగలు కూడా పళ్లు టకటకలాడేవి.

అయినా అక్కడి జనం చలికి అంత తేలిగ్గా లొంగేవాళ్లు కాదు. పొద్దు వాలగానే ఇంటి నడుమ కుంపటి పెట్టుకుని, తాత దగ్గర్నుంచి పసివాడి దాకా ఒకే గొంగళి కింద ముడుచుకు కూర్చునేవాళ్లు. గొంతు గరగరలాడితే మిరియాల చారు, కడుపు నొప్పికి వాము, పడిశానికి పసుపు నీళ్ల ఆవిరి. పిల్లల అరికాళ్లకు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె. ఏ ఇల్లాలిని అడిగినా ఇవన్నీ చెప్పేది. అడగకపోయినా చెప్పేది.

ఒక్క మందు మాత్రం ఎవరికీ తెలియదు. చలికాలంలో పసిపిల్లలకు ఒక పాడు దగ్గు వచ్చేది. డొక్కలు ఎగరేసి, ఊపిరి అందనిచ్చేది కాదు. దానికి మందు మాచమ్మ అనే ముసలావిడ ఇంట్లోనే దొరికేది.

మాచమ్మ చీకటితోనే లేచి, ఎవరి కంటా పడకుండా ఆకు కోసుకొచ్చేది. తలుపు గడియ వేసి నూరేది. వాసన పట్టి పోల్చుకుంటారేమోనని అందులో ఇంత పసుపు, ఇంత కరక్కాయ పొడి కలిపేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. ఆశపోతు కాదామె, భయస్తురాలు. అత్తగారు పోతూ పోతూ చెవిలో చెప్పిన మాట ఆమెను కట్టిపడేసింది.

"ఆకు పేరు నోరు దాటిందా, మందులో గుణం పోతుంది. పోతే మొదట పోయేది మన ఇంటి బిడ్డే. జాగ్రత్త కోడలా."

ఆ పసరు ఒక్క రోజు దాటితే పులిసిపోతుంది. అందుకని ఎంత దూరం వాళ్లయినా బిడ్డను చలిలో ఎత్తుకుని మాచమ్మ గడపకు రావలసిందే. చాలామంది చేరేవాళ్లు. కొందరు చేరేవాళ్లు కాదు.

ఆ ఏడు దగ్గు మరీ విరుచుకుపడింది. చివరికి మాచమ్మ మనవరాలికీ వచ్చింది. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, ఈ పిల్లయినా దక్కాలని పెంటమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కగానొక్క పిల్ల. మందు పోస్తున్నారు గానీ ఇంకా గండం గడవలేదు.

సరిగ్గా అప్పుడే రత్నశెట్టి అనే వర్తకుడు వచ్చాడు.

"మాచమ్మగారూ, ఆ ఆకు పేరు చెప్పండి. మీ ఇంటిల్లిపాదికీ జన్మంతా కప్పుకోవడానికి కంబళ్లు పంపిస్తాను. మందు నేను అమ్ముకుంటాను."

"అమ్మేది కాదు శెట్టిగారూ," అంది మాచమ్మ. శెట్టి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

తరువాత రాజుగారే వచ్చాడు. గుర్రాన్ని వీధి చివరే వదిలి, నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, నా రాజ్యంలో ఊయలలు ఖాళీ అవుతున్నాయి. పేరు చెబితే ఊరూరా దండోరా వేయిస్తాను."

"ఏలినవారు నా తల తీయించండి, కాదనను. పేరు మాత్రం చెప్పలేను. చెబితే మందు చచ్చిపోతుంది. నా మనవరాలూ పోతుంది, మిగతా పిల్లలకూ దిక్కుండదు."

ఆ మాటకు రాజు కూడా జంకాడు. చలికాలమంతా పిల్లలను నిలబెట్టే ఒక్క మందూ తన మూలంగా పాడైతే ఎలా అనుకుని, లేచి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఒక గొర్రెల కాపరి భార్య వచ్చింది. పేరు ఎర్రమ్మ. చేతిలో బిడ్డ లేదు. కాళ్లు పగిలి నెత్తురోడుతున్నాయి.

"పెద్దమ్మా, మాది కనుమ అవతల. పోయిన చలికాలం మా పెద్దోణ్ణి ఎత్తుకుని నీ దగ్గరికే బయలుదేరాను. సగం దారిలో నా భుజం మీదే బిగుసుకుపోయాడు. ఇప్పుడు చిన్నదానికి పట్టుకుంది. దాన్ని ఈ చలిలోకి తేవడానికి నాకు ధైర్యం చాలలేదు. నువ్విచ్చే మందు నేను ఇల్లు చేరేలోగా పులిసిపోతుంది. ఆకు పేరు చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటాను."

లోపల పెంటమ్మ దగ్గుతోంది. ఒక్క క్షణం మాచమ్మకు ఎర్రమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఈ మనిషి ఈ రోజే రావాలా, ఈ బిడ్డ కోలుకున్నాక రాకూడదా అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. తన పిల్ల కోలుకునే దాకా అవతలి పిల్ల ఆగుతుందా?

ఎర్రమ్మను లేవనెత్తి, మాచమ్మ ఆ పేరు చెప్పేసింది.

"అడ్డసరం."

 ఎర్రమ్మ మెల్లగా అంది.

"అడ్డసరమా? మా దొడ్డికి కంచె అదే, పెద్దమ్మా. గొర్రెలు ముట్టవని మా మామ నాటాడు. మా పెద్దోణ్ణి పాతిపెట్టింది కూడా ఆ కంచె పక్కనే."

ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఎలా నూరాలో, ఎంత పోయాలో అడిగి తెలుసుకుని, వచ్చిన దారినే పరుగున వెళ్లిపోయింది.

మాచమ్మ లోపలికి వెళ్లి మనవరాలికి మందు పోసింది. గుణం పోయిన మందు పోస్తున్నాననే అనుకుంది. దేవుడికి దణ్ణం పెట్టడానికి కూడా ఆమెకు మనసు రాలేదు.

తెల్లారేసరికి పెంటమ్మ ఒంటి కాక తగ్గింది. దగ్గు తెరిపిచ్చింది. కళ్లు తెరిచి గంజి అడిగింది. కోడలు సంతోషంతో నవ్వుతుంటే మాచమ్మ గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎందుకు అత్తయ్యా ఏడుస్తారు? బిడ్డ బాగానే ఉంది కదా," అంది కోడలు.

"బాగుంది. అందుకే ఏడుస్తున్నాను."

ఆ పూటే వెళ్లి రాజుగారికి అంతా చెప్పేసింది. ఊరూరా దండోరా మోగింది. కంచెల మీది ఆకు కోసుకుని తల్లులు ఎవరింట్లో వాళ్లు మందు నూరుకున్నారు. కనుమ అవతల ఎర్రమ్మ బిడ్డ కూడా లేచి తిరుగుతోందని కబురొచ్చింది.

రాజు మాచమ్మను ఓదార్చబోయాడు.

"బాధపడకమ్మా. నువ్వు ఆశతో దాచలేదు, భయంతో దాచావు."

"పోయిన పిల్లలకు ఆ తేడా తెలియదు, మహారాజా," అంది మాచమ్మ.



కాబట్టి పిల్లలూ, ఒకరి ప్రాణం నిలబెట్టే సంగతి మీకు తెలిసినప్పుడు, దాన్ని ఏ కారణంతోనూ దాచకండి, ఆలస్యం చేయకండి. అవసరమైన వాళ్లకు ఆనాడే చెప్పండి.