ఖాళీ కాని డొప్ప

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున భూమయ్య అనే ఎలుగుబంటి. మనసు వెన్నే గానీ పొట్ట ముందు నడిచేది, భూమయ్య దాని వెనకాల నడిచేవాడు.

వాగు అవతల ఆయన కూతురు కాపురం. ఆ ఎండాకాలం కూతురికి కొడుకు పుట్టాడు. వాగు దాటాలంటే ఉన్నది ఒక్క దుంగ, కింద మడుగు నిండా మొసళ్లు. భూమయ్య భార్య పోశవ్వ ఇట్టే దాటి మనవడిని చూసొచ్చింది. భూమయ్య కాలు పెట్టాడో లేదో దుంగ పెళపెళమంది. గుండె గుభేలుమని వెనక్కి వచ్చేశాడు. వానలు పడితే వాగు పొంగుతుంది. ఇక ఈ ఏడు మనవడి ముఖం చూసే రాత లేనట్టే. అందుకని ఆలోగా పొట్ట తగ్గించాలని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు పెట్టుకుంటే సరా? సాయంత్రమైతే కాళ్లు ఈతవనం వైపు లాగేవి. అక్కడ కొండముచ్చు ఓదెలు చెట్టెక్కి కల్లు దించేవాడు. అడవిపంది రాజమల్లు శనగలు ఉడకేసి గుడాలు తెచ్చేవాడు. మోదుగాకు డొప్పలు పట్టుకుని అందరూ కష్టసుఖాలు చెప్పుకునేవారు. అక్కడొక మర్యాద ఉంది. పక్కవాడి డొప్ప ఖాళీ అయితే నింపాలి. నింపనివాడు నేస్తం కాదు, వద్దన్నవాడు అసలే కాదు.

మొదటిరోజు భూమయ్య పగలంతా కడుపు మాడ్చుకుని వెళ్లాడు. ఖాళీ కడుపులో కల్లు పడేసరికి ఆకలి నకనకలాడింది. తట్టెడు గుడాలూ ఆయనే ఊడ్చేశాడు.

రెండోరోజు ఒక్క డొప్ప తాగి లేచిపోదామని గటగటా తాగేశాడు. ఖాళీ డొప్ప చూసి ఓదెలు పోశాడు. అదీ గటగటా తాగితే రాజమల్లు పోశాడు. ఎంత తొందరపడితే అంత తొందరగా నిండింది పాపం.

మూడోరోజు అసలు వెళ్లనే లేదు. ఇంట్లో కూచుంటే తోచలేదు. తోచక తేనెపట్టు మొత్తం నాకేశాడు, చాలదన్నట్టు నేస్తాల మీద బెంగ పెట్టుకున్నాడు.

మర్నాడు ఆకాశంలో మబ్బు కనబడింది. భూమయ్య వెళ్లి దుంగ మీద కాలు పెడితే మళ్లీ పెళపెళమంది. ఒడ్డున కూలబడి ఏడ్చాడు.

పోశవ్వ వచ్చి పక్కన కూచుంది. "ఏడిస్తే పొట్ట తగ్గుతదా? వాళ్లు పోసేది ఖాళీ డొప్పలోనే గదా. నువ్వెందుకు ఖాళీ చేస్తవు?" అంది.

అంత చిన్న సంగతి ఆ పెద్ద బుర్రకు తట్టనే లేదు మరి.

ఆ సాయంత్రం ఇంట్లోనే తునికి పండ్లు తిని, ఆకలి తీర్చుకుని వెళ్లాడు. ఒక్క డొప్ప పట్టుకుని, కబుర్ల మధ్య ఒక్కో గుక్క తాగుతూ కూచున్నాడు. రాజమల్లు ముంత పట్టుకొచ్చాడు, డొప్ప ఇంకా ఖాళీ కాలేదని చూసి వెళ్లిపోయాడు. ఓదెలు ముఖం చిన్నబుచ్చుకుని, మా మీద కోపమా అని అడిగాడు.

"కోపమెందుకు బావా? నేనొచ్చేది కల్లు కోసం కాదు, మీ కోసం. పొట్ట తగ్గించేది మనవడి కోసం" అన్నాడు భూమయ్య.

తెల్లారగానే ఓదెలు వచ్చి, నడువు బావా అని గుట్ట ఎక్కించాడు. రోజూ అదే పని. సాయంత్రం ఒక్క డొప్పే, కబుర్లు మాత్రం తట్టలకొద్దీ.

తొలి ఉరుము ఉరిమిన రోజున భూమయ్య దుంగ ఎక్కాడు. పోశవ్వ ఒడ్డున ఊపిరి బిగబట్టింది. దుంగ మూలిగింది గానీ విరగలేదు. ఆయన దాటాక ఆమె కూడా దాటింది. కూతురు పరుగున వచ్చి పిల్లవాడిని తండ్రి చేతుల్లో పెట్టింది. భూమయ్యకు కన్నీళ్లు ఆగలేదు.

మర్నాడే వాగు పొంగి ఆ దుంగ కొట్టుకుపోయింది. అయితేనేం, తాతా అమ్మమ్మా కూతురింట్లోనే ఉండిపోయారు. వానాకాలమంతా ఆ మనవడు తాత దగ్గరే, మిగిలిన ఆ కాస్త పొట్ట మీదే బజ్జున్నాడు.

నీతి: ఎక్కడ ఆగాలో తెలిసినవాడు నేస్తాలనూ పోగొట్టుకోడు, అనుకున్న పనినీ చెడగొట్టుకోడు.