ఆఖరి గడి

పైడిరాజు తాళాలు బాగుచేసేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఒక్క గదిలో ఒంటరిగా ఉండేవాడు.

ఒకరోజు కుక్కల సంరక్షణ కేంద్రం నుంచి కబురొచ్చింది. ఒక బోను తాళంచెవి పోయింది, కుక్క లోపలే ఉండిపోయింది. అతను వెళ్లి తాళం విప్పాడు. తలుపు తీసినా కుక్క బయటికి ఉరకలేదు. నల్లటి ముసలి కుక్క, ఒక కన్ను కనపడదు. నెమ్మదిగా లేచొచ్చి, గొంతుక్కూర్చున్న అతని మోకాలి మీద గడ్డం ఆనించింది.

"దీన్ని నేను తీసుకెళ్లొచ్చా?" అని అడిగాడు పైడిరాజు.

కేంద్రం నడిపే ఆవిడ నాలుగు పేజీల దరఖాస్తు తెచ్చి చేతిలో పెట్టింది. "తీసుకెళ్లండి. ముందు ఇది నింపాలి. శనివారం దాకానే టైము. ఈ స్థలం ఖాళీ చేసేస్తున్నాం. మిగిలినవాటిని వేరే జిల్లాలో పెద్ద దొడ్డికి పంపుతున్నారు. అన్ని కుక్కల మధ్య ఈ ముసలిది బతకదు."

అతను ఇంటికెళ్లి ప్రతి అక్షరం చదివాడు. తేదీ తప్పకుండా టీకాలు వేయించాలి. మునిసిపాలిటీ లైసెన్సు తీసుకోవాలి. రోజంతా కట్టేసి ఉంచకూడదు. పెంచలేకపోతే వీధిలో వదలకుండా తిరిగి కేంద్రం వాళ్లకే అప్పగించాలి. అన్నిటికీ సంతకాలు పెట్టాడు. ఇంటి ఓనరు చేత ఒప్పుకోలు కాగితం రాయించుకున్నాడు. ఆధార్ జిరాక్సు జతచేశాడు, ఫొటో అంటించాడు.

ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. 'మీకు ఏదైనా జరిగితే కుక్క బాధ్యత తీసుకునేవారి పేరు, సంతకం.'

శుక్రవారం ఆ గడి ఖాళీగానే వదిలి కాగితాలు పట్టుకెళ్లాడు. ఆవిడ వెనక్కి ఇచ్చేసింది.

"నాకెవరూ లేరమ్మా. అయినా నాకేమవుతుంది? రాయిలా ఉన్నాను."

"నూరేళ్లూ ఉండండి బాబూ. కానీ మనిషి పోయాక, గడియ వేసున్న గదిలో మూడు రోజులు ఉండిపోయిన కుక్కని నేను చూశాను. ఆ తర్వాతే ఈ గడి పెట్టించాను."

ఆ గది తన గదిలాగే కనిపించింది పైడిరాజుకి. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సంతకం కోసం టీ కొట్టు అతన్ని అడిగాడు. "మా ఆవిడకి కుక్కలంటే హడలు అన్నా," అన్నాడతను. ఇరవై ఏళ్లుగా తెలిసిన ఇనప సామాన్ల షాపాయన, "ఎందుకొచ్చిన గొడవ?" అని పనిలో పడిపోయాడు.

ఇక మిగిలింది పక్కింటి మార్తమ్మే. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. నాలుగేళ్ల క్రితం ఆవిడ భర్త జ్వరంతో పడుంటే, తాళంచెవులు అరగదీసే ఆ ఆకురాయి చప్పుడు కాసేపు ఆపమని వచ్చి అడిగింది. "నా పని నేను చేసుకోవద్దా?" అని పైడిరాజు ఆవిడ ముఖం మీదే తలుపేశాడు. నెల తిరక్కుండా ఆయన పోయాడు. అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు.

శనివారం పొద్దున్నే వెళ్లి తలుపు కొట్టాడు. మార్తమ్మ లోపలికి రమ్మనలేదు. అతను చెప్పింది విని, కళ్లజోడు పెట్టుకుని, గుమ్మంలో నిలబడే నాలుగు పేజీలూ చదివింది.

"రోజుకి ఎన్నిసార్లు తింటుంది?"

"రెండుసార్లు."

"మీకేమైనా అయితే ముందు నాకే ఫోను చేస్తారన్నమాట."

"అవునమ్మా." అతను తల దించుకున్నాడు. "ఆ రోజు నేను తలుపు వేసెయ్యకుండా ఉండాల్సింది."

మార్తమ్మ పెన్ను అందుకుంది. కాగితం గోడకానించి సంతకం చేసింది. కింద ఫోను నంబరు కూడా వేసింది.

"మీ నంబరు చెప్పండి. నా నంబరు వాళ్ల దగ్గరుండి, మీది నా దగ్గర లేకపోతే ఎలా?"

పన్నెండు గంటలకి దరఖాస్తు మీద ముద్ర పడింది. పైడిరాజు కుక్క మెడకి తాడు కట్టి, దాని నడకకి తగ్గట్టు మెల్లగా రోడ్డెక్కాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఫోను మోగింది.

"ఎన్నింటికి వస్తారు?" మార్తమ్మ గొంతు.

అతను నడక ఆపాడు. ఆ మాట అతన్ని అడిగినవాళ్లు ఎన్నేళ్లుగానో లేరు. కుక్క కూడా ఆగి, అతని వైపు తలెత్తి చూసింది.

"ఒంటిగంటకల్లా వచ్చేస్తాం," అన్నాడు.