అడగని ప్రశ్న

ఏటి ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రణభానుడికి వాదమంటే ప్రాణం, ఓటమి అంటే మంట.

ఆ సభలో ఒక నియమం ఉండేది. ప్రశ్నించేవాడు మధ్యలో ఆగితే ఓడినట్టే. వాడు రాజ్యం విడిచిపోవాలి. గెలిచినవాడు మిగిలిన వాదాన్ని తానే పూర్తిచేసి తీర్పు చెప్పాలి.

ఆ ఏడు ఏటికట్ట బీటలు వారింది. బాగుచేయించమని ప్రజలు మొరపెట్టుకున్నారు.

"రాసిపెట్టి ఉంటే తెగుతుంది, లేకుంటే నిలుస్తుంది. మనిషి ప్రయత్నం వృథా. కాదనేవాడు వాదానికి రావచ్చు" అన్నాడు రాజు.

ఆస్థానంలో చమత్కారిగా పేరున్న బొప్పన ఒక్కడే లేచాడు. అతని అక్క ఇల్లు ఆ కట్ట కిందే ఉంది. బయట అప్పటికే ఉరుములు మొదలయ్యాయి.

"ఏం బొప్పనా, మూట సర్దుకునే వచ్చావా?" అన్నాడు రాజు.

"మా ఆవిడ సర్దింది ప్రభూ. నా నోటిమీద ఆమెకు నమ్మకం లేదు."

సభ నవ్వింది. బొప్పన ఒకడుగు ముందుకు వేసి వాదం మొదలుపెట్టాడు.

"మొన్నటి వానకు ప్రభువుల పడకగది కారిందట కదా?"

"కారింది."

"ఇప్పుడూ కారుతోందా?"

"ఎందుకు కారుతుంది? తెల్లారగానే పెంకులు మార్పించాను."

"మార్పించకపోతే?"

"పరుపంతా తడిసిపోదూ?"

తర్వాతి ప్రశ్న బొప్పన గొంతుదాకా వచ్చింది. అడిగితే గెలుపు తనదే. కానీ నలుగురిలో ఓడిన రాజు పంతం పట్టి, కట్టమీద తట్టెడు మట్టి కూడా వేయనివ్వడు. గెలుపు మీద ఆశ చంపుకుని బొప్పన తలవంచాడు.

"ఇక అడగలేను ప్రభూ."

రాజు మీసం దువ్వాడు. "ఓడావన్నమాట. సరే, మిగిలింది నేనే చెబుతాను. కప్పు కారింది, బాగుచేయించాను. లేకపోతే పరుపు తడిసేది. కాబట్టి, కట్ట బీటలు వారితే..."

అక్కడ ఆయన మాట ఆగింది. బొప్పన చూపు నేలమీదే ఉంచాడు. ఇప్పుడు పెదవిమీద కాస్త నవ్వు కదిలినా అంతా పాడైపోతుంది.

ముందు రాజు భుజాలు కదిలాయి. తర్వాత పెద్దగా నవ్వేశాడు.

"కట్టా బాగుచేయించాలి. ఇదే తీర్పు. గెలిచింది నేనేనా?"

"సందేహమా ప్రభూ? కట్ట కింద ఉన్నవాళ్లంతా అదే చెప్పుకుంటారు."

రాజు తన శాలువా తీసి అతనికి కప్పాడు.

"ఆ పని నువ్వే దగ్గరుండి చేయించు. ఓడినవాడు రాజ్యం విడవాలి కాబట్టి, పనయ్యాక ఏరు దాటి పొరుగు రాజ్యపు ఒడ్డున కాసేపు నిలబడిరా. నియమం తీరిపోతుంది."