తిరిగి పలికిన లోతు

సన్యాసిరావు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ ఇది అనుభవమే. "కెరటం ఎందుకు విరుగుతుంది మాస్టారూ?" అని అడిగిన పాపానికి ఒకాయన మూడు రోజులు బకెట్లతో తడి ఇసుక మోశాడు. అందుకని తెలివైనవాళ్ళు ఆయన్ని ఏమీ అడక్కుండానే పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతీ తెలివైనదే, కాని ఆ రోజు మనసు బాగాలేక అడిగేసింది.

ఆమె పని, ఉపగ్రహం తీసిన బొమ్మలు చూసి సముద్రం లోతు చెప్పడం. గారడీ అనుకునేరు, కాదు. వెలుగు నీళ్ళలోకి దిగి, అడుగున ఉన్న ఇసుకను తాకి, మళ్ళీ పైకి వస్తుంది. లోతు తక్కువైన చోట ఎక్కువ తిరిగొస్తుంది, బొమ్మలో అక్కడ తెల్లగా ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ వెలుగు తగ్గిపోయి బొమ్మ నల్లబడుతుంది. ఆ తెలుపు నలుపుల్ని లెక్కగట్టి, కుర్చీలోంచి లేవకుండా, కాలు తడవకుండా, మైళ్ళ కొద్దీ సముద్రాన్ని కొలిచెయ్యొచ్చు. మొదట్లో విశ్వవిద్యాలయం మూడో అంతస్తులో, ఈ పని చేసే గదిలో నలుగురుండేవారు. ఒకరికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, ఒకరికి పెళ్ళయింది, ఒకరు చెప్పాపెట్టకుండా మానేశారు. రెండేళ్ళుగా ఆ మూడో అంతస్తులో హైమవతి ఒక్కతే. పొద్దున తాళం తీసేదీ ఆమే, సాయంత్రం వేసేదీ ఆమే. టీ తెచ్చే మనిషి కూడా గుమ్మం దగ్గర గ్లాసు పెట్టి వెళ్ళిపోయేవాడు. ఒక్కోరోజు హాస్టలు మెస్సులో "ఇంకో చపాతీ" అన్నప్పుడు, పొద్దుట్నించీ తన గొంతు తను వినడం అదే మొదటిసారని ఆమెకి తట్టేది. అప్పుడా చపాతీ పళ్ళెంలోనే వదిలేసి లేచేది.

ఏమైతేనేం, పటం పూర్తయింది. పాతరేవు మత్స్యకారుల కోసం చేసిన పటం అది. రెండేళ్ళ కిందటి తుఫానుకి అడుగు ఇసుక కదిలి, రేవులోకి వచ్చే దారి పూడిపోయింది. అప్పట్నించీ పడవలు గంటన్నర చుట్టు తిరిగి వస్తున్నాయి. హైమవతి పటంలో సరిగ్గా రేవుకి ఎదురుగా, తెల్లటి ఇసుక మెట్టల మధ్య నల్లగా ఒక దారి కనబడింది. నాలుగు బారల లోతు, బారకి ఆరడుగుల లెక్కన. ఆ కబురు అప్పుడే రేవుకీ చేరింది. మాస్టారు సంతకం పెట్టడమే తరువాయి, వేట నిషేధం ముగిసిన రోజున మరపడవలన్నీ ఆ దారినే వెళతాయి, చేపల బరువుతో ఆ దారినే తిరిగొస్తాయి.

మాస్టారు పటాన్ని చాలాసేపు చూశారు. "లోతులు ఎవరితోనైనా సరిచూశావా అమ్మా?" అన్నారు.

హైమవతికి చుర్రుమంది. సరిచూడ్డానికి ఎవరు ఏడిశారు గనక? "ఒక మాట అడుగుతాను మాస్టారూ," అంది. "అంత ఎత్తు నుంచి అంతా చక్కగా కనబడుతున్నప్పుడు, ఇంకో మనిషితో పనేమిటి?"

అడగడం పొగరుగానే అడిగింది. గొంతు మాత్రం చివర్లో వణికింది. మాస్టారు రెండూ విన్నారు. పటం మడిచి ఆమె చేతికే ఇచ్చి, "రేపు పొద్దున్నే పాతరేవు వెళ్ళు. ఎల్లాజీ అని ఉంటాడు. నీ నల్లదారిలో ఒక్క చోట లోతు కొలిపించుకురా. ఒక్క చోటే," అన్నారు.

ఎల్లాజీకి డెబ్బై దాటాయి. నిషేధం రోజుల్లో మరపడవలు కదలకూడదు గాని, తెడ్డేసుకుని పోయే తెప్పకి అడ్డు లేదు. హైమవతిని తెప్ప మీద కూర్చోబెట్టుకుని, తెడ్డేస్తూ తీసుకుపోయాడు. గాలి లేదు, కెరటం లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. ఫోనులో తన నల్లదారి మధ్యకి వచ్చామని చూసుకుని, "ఇక్కడే తాతా," అంది. అతను తెడ్డు ఆమె చేతికిచ్చి, తాడుకి కట్టిన సీసపు గుండు తీశాడు. గుండు అడుగున సబ్బు పులిమి ఉంది, కింద ఏముందో అంటుకుని రావడానికి. తాడుకి బారకో ముడి. వేశాడు. తాడు అలా వెళ్ళి ఇలా ఆగిపోయింది.

"బారా!" అని అరిచాడు ఎల్లాజీ, పక్క ఊరికి వినబడేటట్టు.

నాలుగు ఉండవలసిన చోట ఒకటి. హైమవతి ఫోను వంక చూసింది, ముసలాయన వంక చూసింది. అతను చెవి ఒగ్గి కాసేపు కూర్చుని, గుండు పైకి లాగి మళ్ళీ వేశాడు. "బారా!" మళ్ళీ అలాగే చెవి ఒగ్గాడు. ఈ ముసలాడు తనని ఎగతాళి చేస్తున్నాడనిపించింది ఆమెకి.

"ఒకసారి చెబితే వినబడదా నాకు? ముందు నీ తాడు సరిగ్గా ఉందో లేదో చూసుకో!"

"ఇనబడితే పలకాల గదా పాపా," అన్నాడు ఎల్లాజీ. కోపం లేదు. "మా బావ దానయ్య ఉన్నన్నాళ్ళూ ఆడు గుండేసీవోడు, నాను తెడ్డు కాడ కూకుని పలికీవోణ్ణి. ఏసినోడు ఒక్కడూ అంటే సరిపోదు. రెండోవోడు తాడు ముడి సూసి, అదే మాట తిరిగి పలికితేనే మా రేవులో అది లోతు. తప్పైతే 'కాదెహె, మల్లీ ఎయ్యి' అనాల."

"మరి ఇప్పుడు ఒక్కడివే వస్తున్నావు కదా?"

"రెండుసార్లు ఏస్తన్నాను. ఒకసారి నాది, ఒకసారి ఆడిది. నానే అంటాను, నానే పలుకుతాను." ముసలాడు గుండు పైకి లాగి తెప్ప మీద పెట్టాడు. "అన్నీ అనగలను పాపా. 'కాదెహె' అని మాత్తరం నాకు నాను సెప్పుకోలేకపోతన్నాను."

హైమవతి గుండు వంక చేయి చాపింది. సబ్బు నిండా ఇసుక అంటుకుని ఉంది. నల్లటి ఇసుక, కాటుకలా ఉంది. ఆమె దాన్ని వేళ్ళతో నలిపి చూసింది. నల్ల ఇసుక వెలుగును మింగేస్తుంది, తిరిగి పైకి పంపదు. బొమ్మలో నల్లగా ఉంటే లోతనుకుంది గాని, అడుగే నల్లగా ఉండొచ్చని రెండేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు. తోచినా తోచకపోయినా అడిగేవాళ్ళు లేరు. తను దారి అని గీసింది దారి కాదు, మెట్ట. చేపల బరువుతో వచ్చే పడవ ఈ మెట్టకి తగిలితే బద్దలే.

"ఇక్కడ మెట్ట ఉందని నీకు ముందే తెలుసా తాతా?"

"మాగమాసంలోనే తెలుసు. రేవులో సెప్పినాను గూడా. 'నీకు ఎవులు పలికినారు ఎల్లాజీ?' అనీసినారు. ఆళ్ళ తప్పేటుంది, పద్ధతి అదే. నాతో రమ్మంటే కుర్రోళ్ళకి తెప్ప మీద కూకునీ ఓపికేదీ? నీ కాయితంలో నాలుగని తెలిసినాక ఇంకెవులింటారు? తిరిగి పలికీవోడు లేక మూడు నెల్లై ఈ లోతు నా నోట్లోనే ఉండిపోనాది."

హైమవతి ఫోను సంచీలో పడేసింది. "మళ్ళీ వెయ్యి తాతా," అంది. ఎల్లాజీ వేశాడు. ఆమె ముందుకి వంగి, నీళ్ళ అంచున తడిసిన ముడి చూసింది.

"బారా!"

"బార," అంది.

"ఓలమ్మ, సముద్రం మీద అలాగ పలుకుతారేటి? సచ్చిపోయినోళ్ళ ఇంటికొచ్చినట్టు!"

"బారా!" అని అరిచింది హైమవతి. అంత గొంతు తనకి ఉందని తనకే తెలీదు. ఎల్లాజీ తాడు చుట్టుకుంటూ తలపాగా చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. హైమవతి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను తెడ్డు తీసుకుని తెప్పని రేవు వైపు తిప్పాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె మాస్టారి దగ్గరికి వెళ్ళి, కాగితంలో పొట్లం కట్టిన నల్ల ఇసుక బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనంది. చీవాట్లు తినడానికి సిద్ధపడే వచ్చింది. మాస్టారు ఇసుక పొట్లం విప్పనే లేదు. పటం పరిచి, నల్లదారి మధ్యలో పెన్సిలుతో 'ఒక బార' అని రాశారు. దాని పక్కన చిన్న అక్షరాలతో ఎల్లాజీ పేరు, దాని కింద హైమవతి పేరు రాశారు. సంతకం పెట్టకుండా పెన్సిలు కింద పెట్టేశారు.

హైమవతి పటం వంక చూసింది. అంత సముద్రంలో ఆ ఒక్క చోటే రెండు పేర్లున్నాయి.

"మిగతాది మాస్టారూ?"

"మిగతాదంతా ఇంకా నీ నోట్లోనే ఉందమ్మా," అన్నారు మాస్టారు.