రబ్బరు తీసిన బళ్లు

ఎవరైనా ఆట ఆడుతుంటే సోమయాజులు మాస్టారు తెరకు వీపు పెట్టి కూర్చునేవారు. గదిలో అందరి కళ్లూ తెర మీద ఉంటే ఆయన కళ్లు ఆడే మనిషి మీద ఉండేవి. విశాఖపట్నంలో, కొండ మీదున్న ఒక చిన్న కంప్యూటర్ ఆటల కంపెనీలో ఆయన ఇరవై ఏళ్లుగా ఒకే పని చేశారు. కార్ల పందెం ఆటల్లో మనిషికి పోటీగా కంప్యూటరే నడిపే బళ్లుంటాయి కదా, వాటికి నడక నేర్పడం. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎవరికి దారివ్వాలి, ఎప్పుడు తెగించాలి అన్నీ ఆయన చెప్పినట్టే ఆ బళ్లు వినేవి. ఆయన దగ్గర పని నేర్చిన వాళ్లలో నేనూ ఒకణ్ని. మేమెవరం ఆయన్ని సార్ అనలేదు. మాస్టారనే అన్నాం.

హిమజ మాలో అందరికంటే చిన్నది. కంటి ఆపరేషన్ చేయించుకుని నెలన్నర ఇంట్లో ఉన్న మాస్టారు తిరిగి వచ్చిన శనివారం ఉదయం, కుశలప్రశ్నలైనా పూర్తికాకముందే ఆ అమ్మాయి అడిగింది.

"మాస్టారూ, ఆటగాడు వెనకబడితే ముందున్న మన బళ్లు వాడికి తెలియకుండా నెమ్మదిస్తాయి. వాడు నెగ్గేలా మనమే రాస్తాం. ఇది దయా, మోసమా?"

మా దగ్గర ఆ కిటుకును రబ్బరు అంటాం. ఆటగాడికీ తక్కిన బళ్లకూ మధ్య కనబడని రబ్బరు కట్టినట్టు ఉంటుంది. అతను వెనకబడితే ముందున్నవి ఆగుతాయి, అతను దూసుకుపోతే వెనకవి పుంజుకుంటాయి. ఆ రబ్బరు ఎంత బిగువుండాలో ఒక అంకె మార్చి చెప్పవచ్చు. కొత్తగా ఆడే పిల్లలకు కాస్త బిగిస్తాం, చేయి తిరిగినవాళ్లకు వదులు చేస్తాం. లోకంలో ఇది అందరూ చేసేదే. అందుకే ఆ ప్రశ్న నాకు వింతగా తోచింది.

మాస్టారు ఆ అమ్మాయి వైపే చూస్తూ, "ఇవాళ సన్యాసయ్య వస్తాడుగా. ఈమధ్య అన్నీ గెలుస్తున్నాడట" అన్నారు. హిమజ ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది పాపం.

సన్యాసయ్య మా స్టాఫ్ బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్లు మమ్మల్ని ఈ కొండ ఎక్కించి దించాడు. ఆ ఏడు వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. తర్వాత నెమ్మదిగా భుజం కదిలింది, మోచేయి కదిలింది, వేళ్లు మాత్రం మాట వినలేదు. మాకు శనివారాల్లో బయటివాళ్లను పిలిచి, సగం తయారైన ఆటను ఆడించి చూసుకునే ఆచారం ఉంది. బల్లకు బిగించిన స్టీరింగ్ పట్టుకుంటే చేతికి కొంత పని దొరుకుతుందని మాస్టారే అతన్ని రమ్మన్నారు. మొదటి రెండు శనివారాలూ ఆరు బళ్లలో ఆరోవాడుగా వచ్చాడు. రెండోసారి కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. అది హిమజ చూడలేకపోయింది. మూడో శనివారం నుంచి అతను కూర్చునే ముందు రబ్బరు చివరికంటా బిగించేది. అందులో ఆ పిల్లకు ఇసుమంత స్వార్థం లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. అప్పటినుంచి ఆరు వారాలుగా సన్యాసయ్య ప్రతి పందెమూ గెలుస్తున్నాడు. ఎందుకు గెలుస్తున్నాడో హిమజకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజూ గెలిచాడు. గెలిచి, కుర్చీ వెనక్కి జరిపి, మాస్టారి వైపు తిరిగాడు.

"సూసినారా బాబూ! చెయ్యి బాగైపోనాది. నడపగలనంటే సోమారం తాళాలిచ్చేస్తానని మేనేజరు బాబు అన్నాడు. నాను ఒప్పేసుకున్నాను. ఆరు వారాలై ఈ బళ్లన్నీ నా ముందు ఓడిపోతన్నాయి, ఇంకేటి కావాలి?"

గదిలో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హిమజ చేతులు మాత్రం లేవలేదు. కొండ దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర మోకాలెత్తు గోడ తప్ప ఏమీ ఉండదు. దాని కింద లోయ. సోమవారం సాయంత్రం ఆ మలుపులో బస్సులో నలభై మందిమి ఉంటాం. స్టీరింగ్ దగ్గర ఇతను ఉంటాడు.

మాస్టారు కుర్చీలోంచి కదలలేదు. "అమ్మా, రబ్బరు తీసెయ్" అన్నారు.

"రబ్బరంటే ఏటి బాబూ?" అన్నాడు సన్యాసయ్య.

"అమ్మాయి చెబుతుంది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాక మాత్రం ఎవరి కాలు వాళ్లే కడుక్కోవాలి. హిమజ అతని ముందు నిలబడి, కళ్లు దించుకుని చెప్పింది. "మీరు గెలవలేదు సన్యాసయ్యగారూ. మా బళ్లు మీకోసం ఆగాయి. నేనే ఆపాను."

"ఆరు వారాలూనా?"

"ఆరు వారాలూ."

అతను తెర వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఇంటికాడ సెప్పీసినానమ్మా. ఈదిలో అందరికీ సెప్పీసినాను" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంటే మాకు కొంత సులువుగా ఉండేది. కోపం లేదు, సిగ్గు ఉంది. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి మా అందరి ముందూ చిన్నబోయి కూర్చున్నాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. గుమ్మం దాకా నడిచాడు కూడా. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"తీసీ అమ్మా. తీసీసిన బళ్లు ఎలాగుంటాయో సూద్దాం."

హిమజ అంకెను సున్నా చేసింది. అయిదు చుట్ల పందెం. తక్కిన అయిదు బళ్లూ మొదటి మలుపులోనే వెనక్కి చూడకుండా వెళ్లిపోయాయి. రెండో చుట్టులో అతని బండి గోడకు కొట్టుకుంది, మూడో చుట్టులో మళ్లీ కొట్టుకుంది. హిమజ తెర చూడలేక ముఖం తిప్పుకుంది. మాస్టారు పక్కనున్న కుర్చీ చూపించి, "ఇలా వచ్చి కూర్చో" అన్నారు. ఆమె మొదటిసారి తెరకు వీపు పెట్టి ఆ మనిషి ఎదురుగా కూర్చుంది. వాళ్లేం చూస్తున్నారోనని నేనూ వెళ్లి వెనక నిలుచున్నాను.

సన్యాసయ్య ఎడమచేత్తో నడుపుతున్నాడు. కుడిచేయి స్టీరింగ్ అంచున ఉంది, కానీ ఊరికే ఉంది. ఎడమచేయి ఎటు తిప్పితే అది అటు పోతోంది. ఆరు వారాలుగా ఇలాగే ఉండి ఉంటుంది. ఎదుటి బళ్లు ఆగుతుంటే ఒక చేయి చాలు కదా. మేమంతా తెర చూస్తూ చప్పట్లు కొట్టాం.

నాలుగో చుట్టు మధ్యలో ఎడమచేయి ఒక్కటే తిప్పితే అందని వంపు వచ్చింది. అతను పళ్లు బిగించాడు. కుడిచేతి చూపుడువేలు కదిలింది. తర్వాత దాని పక్కవేలు మడత పడింది. రెండూ కలిసి స్టీరింగ్‌ని పట్టుకుని, వణికి, జారిపోయాయి. తర్వాతి వంపులో మళ్లీ పట్టుకున్నాయి. ఈసారి బొటనవేలు కూడా వచ్చింది. నుదుటి చెమట కళ్లలోకి కారుతున్నా అతను తుడుచుకోలేదు. హిమజ నోటికి చేయి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

అందరి కంటే చివర వచ్చాడు. అయిదో బండి గీత దాటి ఒకటిన్నర నిమిషం గడిచాక వచ్చాడు. స్టీరింగ్ వదిలి, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకున్నాడు. అది ఇంకా వణుకుతూనే ఉంది.

"సోమారం తాళాలు ఒద్దని సెప్పేస్తాను బాబూ" అన్నాడు మాస్టారితో. లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "వొచ్చే శనారం ఈ బళ్లే ఉంచండి."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. హిమజకు ఏడుపు ఆగలేదు. "అతను బాధపడకూడదనే చేశాను మాస్టారూ. బళ్ల వేగం తగ్గించాను, అంతే. ఇంకేమీ ముట్టుకోలేదు" అంది.

మాస్టారు లేచి, ఆ అమ్మాయి తల మీద చేయి వేసి అన్నారు.

"ఆరు వారాలూ తగ్గింది బళ్ల వేగమేనా అమ్మా?"