వాసన పోయిన గొయ్యి

సింహాద్రి మేస్త్రిగారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. గడ్డం గోక్కుంటారు, కాసేపు ఆకాశంకేసి చూస్తారు, తర్వాత "పని కానీ" అంటారు. అడిగినవాడికి జవాబు ఆ పనిలోనే ఎక్కడో తగులుతుంది. ఆయన పనేమన్నా మామూలుదా మరి! మూతపడ్డ పెట్రోలు బంకుల కింద కారిపోయిన ట్యాంకులు పైకి తీయించి, ఆ పెట్రోలు తాగిన మట్టంతా తవ్వించి లారీలకెక్కించడం.

ఆయన శిష్యుడు తాతబ్బాయి. వచ్చే సోమవారం నుంచి మండపేట దగ్గర ఇంకో బంకులో ఏడుగురిని తన మాట మీదే గోతిలోకి దింపబోతున్నాడు. ఏడుగురూ సొంత ఊరివాళ్లు, అందులో ఇద్దరు స్వయానా బావమరుదులు. మొహానికి ఆ డబ్బాల మాస్కు బిగించుకుంటే ఉడికిపోతాం బావా అని వాళ్లు ఇప్పట్నించే సణుగుతున్నారు. బావ అన్నాక ఆ మాత్రం మొహమాటం ఉండదూ? అందుకే ఒక ఉదయం గురువుగారి దగ్గర విషయం కదిపాడు.

"గోతిలో దిగిన పావుగంటకి వాసన దానంతటదే పోతుంది కదండీ. ఇంక ఆ మాస్కు దేనికంటారు?"

మేస్త్రిగారు గడ్డం గోక్కున్నారు. పని కానీ అన్నారు.

ఆ రోజు తవ్విస్తున్న గోతిలో మిషను తొండం అందని మూల ఒకటి మిగిలిపోయింది. తాతబ్బాయి చేతులకి తొడుగులు, మొహానికి మాస్కు వేసుకుని, నడుముకి తాడు కట్టించుకుని, పార పట్టుకుని దిగాడు. తాడు రెండో కొస పైన ఇద్దరి చేతుల్లో ఉంది. పైనుంచి చూస్తే కనపడని వారకు వెళ్లి, మెల్లిగా మాస్కు మెడలోకి దించుకున్నాడు.

మొదట గుప్పుమంది. కాసేపటికి, తను చెప్పినట్టే, వాసన వెళ్లిపోయింది. ఎంత హాయిగా వెళ్లిందనుకున్నారు! ఊటనీటి మీద నెమలికంఠం రంగులు విచ్చుకుని, చుట్టలు తిరిగి, మళ్లీ విచ్చుకున్నాయి. నల్లమట్టి పట్టుచీర మడతల్లా మెరిసింది. పార దూదిలా తేలికైపోయింది. చిన్నప్పుడు పంటు మీద గోదావరి దాటుతూ తల్లి ఒళ్లో నిద్రపోయిన మధ్యాహ్నం ఒకటి గుర్తొచ్చింది. అప్పటి ఒడ్డుల్లాగే గోతి గోడలు మెల్లమెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఇంత చల్లని చోటికి రావడానికి బావమరుదులకి సణుగుడెందుకో అనుకున్నాడు. కాసేపు కూర్చుందామనిపించి కూర్చున్నాడు. నిచ్చెన ఎటుందో గుర్తు రాలేదు. అవసరమూ కనపడలేదు.

పైనుంచి మేస్త్రిగారు వాసనేమైనా ఉందా అని కేకేశారు.

"ఏం లేదండీ. గాలి కడిగినట్టుంది."

మాస్కులోంచి వచ్చే గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటుంది. ఈ గొంతు తేటగా, నవ్వుతూ వచ్చింది. మేస్త్రిగారు వెంటనే తాడు లాగమన్నారు. పక్కనున్న కూలీల్లో ఒకడు ఎత్తుకొస్తానని గోతిలోకి దూకబోతే, వాడి చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చి, నిన్ను తీయడానికి ఇంకోడు కావాలా అని తిట్టి, వాడి చేతికీ తాడే ఇచ్చారు. ముగ్గురూ కలిసి లాగుతుంటే తాతబ్బాయి, అప్పుడే రేవొచ్చేసిందా, ఇంకాసేపు పోనివ్వండి అని బతిమాలుతూ పైకొచ్చాడు.

గాలి వచ్చే వైపుకి దూరంగా మోసుకెళ్లి, మట్టి అంటిన బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి పడుకోబెట్టారు. డాక్టరు కోసం మనిషి పరిగెత్తాడు. సరిగ్గా అప్పుడే మజ్జిగ తెచ్చే నూకాలు రోడ్డవతల ఆగిపోయింది. చెంగు ముక్కుకి అదిమిపెట్టుకుంది.

"మీరెలా పీలుస్తున్నారయ్యా బాబూ? నాకిక్కడికే కళ్లు మండుతున్నాయి."

తాతబ్బాయికి నవ్వొచ్చింది. ఈవిడ మరీ సుకుమారం, ఇక్కడ వాసనెక్కడుంది అన్నాడు. మేస్త్రిగారు పక్కనే గొంతుక్కూర్చుని అతని తల పట్టుకున్నారు, అంతే. అరగంటపాటు గాలి అతని మొహం మీదుగా పోయింది. రంగులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పంటు ఆగింది. ఒక్కసారిగా పక్కకి తిరిగి కక్కుకున్నాడు. తల పగిలిపోతోంది. తన జుట్టులోంచి, గోళ్లలోంచి, తన ఊపిరిలోంచే ఆ కంపు గుప్పున తన్నుకొచ్చింది. వచ్చే సోమవారం తన వెనకాల దిగబోయే ఏడు మొహాలు కళ్లముందుకొచ్చాయి.

"గురువుగారూ," అన్నాడు, "వాసనొస్తోందండీ."

మేస్త్రిగారు తువ్వాలుతో అతని మూతి తుడిచారు.

"ఇప్పుడొచ్చావురా పైకి."